గేటు గడియ మీద చెయ్యి: అగనంపూడి, కూర్మన్నపాలెం ఇళ్ల యజమానులకు బహిరంగ లేఖ

అగనంపూడి, కూర్మన్నపాలెం, దువ్వాడ, గాజువాక చుట్టుపక్కల ఇళ్లు, వాటాలు అద్దెకిచ్చే పెద్దలకు, అపార్ట్‌మెంట్ సంఘాల వారికి నమస్కారం.

మీలో కొందరికి నేను గుర్తుండొచ్చు. పోయిన ఏడాది ఆషాఢంలో, సన్నగా వాన పడుతుంటే, మాస్కు పెట్టుకున్న ఐదేళ్ల పాపని ఎత్తుకుని, టు-లెట్ బోర్డు కనబడిన ప్రతి గేటు దగ్గరా ఆగిన మనిషిని. రెండు రోజుల్లో పద్నాలుగు గేట్లు. లెక్క రాసుకోవడం నాకు అలవాటు, మా ఊళ్లో డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాసేది నేనే. ఆ పద్నాలుగూ నా డైరీలో ఉన్నాయి. పేర్లు బయటపెట్టను, వీధి పేరు కూడా చెప్పను. నేను తగవుకి రాలేదు.

మాది పాలకొండ దగ్గర పల్లె. పాపకి ముందు విడవని జ్వరం, తర్వాత ఎక్కడా పడకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు. ఒకరు టైఫాయిడ్ అన్నారు, ఒకరు రక్తం తక్కువన్నారు. చివరికి విశాఖ తీసుకొస్తే నడుం వెనక ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేసి, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని తేల్చారు. రక్త క్యాన్సర్. పిల్లలకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్ అదేనట. చికిత్స రెండేళ్ల పైమాటే. మొదటి ఎనిమిది, తొమ్మిది నెలలు గట్టి మందులు, ఆ తర్వాత మెయింటెనెన్స్ అని ఇంట్లోనే మాత్రలు మింగుతూ నెలకోసారి చూపించుకోవడం.

ఖర్చు సంగతి దేవుడి దయవల్ల చాలా మటుకు గట్టెక్కింది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద మందులు వచ్చాయి. మా వాళ్లందరి నోట్లో అదింకా ఆరోగ్యశ్రీయే. రైల్వే వాళ్లయితే క్యాన్సర్ రోగికి స్లీపర్ టికెట్టు పూర్తిగా మాఫీ చేస్తారు, తోడు వచ్చేవాళ్లకి ముప్పావు వంతు తగ్గిస్తారు. ఆసుపత్రిలో సంతకం చేసిచ్చే ఫారం ఒకటుంటుంది. ఈ ఉత్తరం చదివేవాళ్లలో మాలాంటి వాళ్లెవరైనా ఉంటే అడిగి తీసుకోండి, చాలామందికి తెలీదు. అంటే రైలెక్కి విశాఖ వచ్చేదాకా ఎవరో ఒకరి చెయ్యి మన భుజం మీద ఉంటుంది. స్టేషన్‌లో దిగాక, సంచీ కింద పెట్టడానికి చోటు మాత్రం ఏ కార్డు చూపించినా దొరకదు. దాని గురించే ఈ ఉత్తరం.

పాపని మొదటిసారి వార్డు నుంచి పంపించేటప్పుడు డాక్టరమ్మ ఒకటే మాట మూడుసార్లు చెప్పారు. "జ్వరం 100.4 దాటిందా, ఇంకేం చూడకు, గంటలో ఇక్కడ ఉండాలి." ఈ మందులకి చెడ్డ కణాలతో పాటు ఒంట్లో కాపలా కాసే తెల్ల కణాలు కూడా పడిపోతాయి. మేం దాన్ని 'కౌంట్ పడిపోయింది' అంటాం. కౌంట్ పడిపోయిన పిల్లకి జ్వరం వస్తే, గంటలోపు యాంటీబయోటిక్ నరంలోకి ఎక్కాలి. మనకి మామూలుగా వచ్చి పోయే జ్వరం ఆ పిల్లలకి పొద్దు గూకేసరికి ప్రాణం మీదికి తెస్తుంది. మా ఊరి నుంచి పాలకొండ, పాలకొండ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్, అక్కణ్ణుంచి మళ్లీ సిటీ బస్సు. ఎంత లేదన్నా నాలుగు గంటలు దాటుతుంది. గంటలో ఎక్కడ రాగలం?

లాడ్జిలో ఉండొచ్చు కదా అని మీరనుకోవచ్చు. ఉన్నాం, పదకొండు రోజులు. లాడ్జిలో పొయ్యి వెలిగించనివ్వరు. ఈ పిల్లలకి బయటి తిండి పనికిరాదు. అప్పటికప్పుడు వండిన అన్నం, మరిగించి చల్లార్చిన నీళ్లు, తొక్క తీసి తినే పండు, అంతే. పదిమంది వాడే బాత్‌రూమ్ కూడా పనికిరాదు. అందుకని మాకు కావలసింది చిన్నదే అయినా కాస్త విచిత్రమైన ఇల్లు: ఒక గది, ఒక పొయ్యి గట్టు, విడిగా ఒక బాత్‌రూమ్, రాత్రి రెండింటికైనా ఆటో వచ్చే సందు. అలాంటి వాటాలు అగనంపూడి నుంచి గాజువాక దాకా మీ దగ్గరే ఉన్నాయి. హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీ అగనంపూడిలోనే ఉంది, మా వైపు జనం టాటా ఆసుపత్రి అంటారు. సిటీలో కేజీహెచ్ ఉంది, ఎంవీపీ కాలనీ వైపు క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. శ్రీకాకుళం, మన్యం, అల్లూరి జిల్లాల నుంచే కాదు, అవతల కోరాపుట్, రాయగడ నుంచి కూడా పిల్లల్ని ఎత్తుకుని ఈ ఊరే వస్తారు.

ఇక గేట్ల సంగతి.

ఇల్లు చూపించే ముందు మీరు అడిగేవి మూడు. ఎంతమంది ఉంటారు, మీరేవిట్లు, ఏం పని మీద వచ్చారు. మొదటిది సులువు, రెండోది అలవాటే. మూడోదానికి నేను ఒక్కచోట కూడా అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే రెండో గేటు దగ్గరే గది దొరికేదేమో. ముగ్గురు, "ఆషాఢంలో ఎవరైనా ఇల్లు మారతారా, శ్రావణం వచ్చాక చూద్దాం" అన్నారు. అది నిజంగా పట్టింపో, పంపించెయ్యడానికి వంకో నాకు తెలీలేదు. ఇద్దరు అద్దె ఉన్నట్టుండి రెండు వేలు పెంచారు. ఒకాయన, "మా వాచ్‌మన్‌తో మాట్లాడండి" అని లోపలికెళ్లిపోయాడు. పాపం ఆ వాచ్‌మన్ మంచినీళ్లిచ్చాడు.

ఎనిమిదో గేటు దగ్గర మాత్రం నాకు ఇప్పటికీ మనసు ఆగిపోతుంది. ఆవిడ పెద్దావిడ, గదిని చూపించడానికే తాళంచెవి పట్టుకుని వచ్చింది. పాప నెత్తి మీద టోపీ జారింది. అప్పటికి జుట్టు సగం రాలిపోయి, వెనక మాత్రం పిచ్చుక గూడులా కాస్త ఉంది. ఆవిడ చెయ్యి గేటు గడియ మీదే ఉండిపోయింది. "ఓలమ్మ, ఆ జబ్బేటి?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మా ఇంట్లో చిన్నపిల్లలున్నారమ్మా" అంది. తాళంచెవి కొంగున ముడేసుకుని లోపలికి పోయింది. తిరిగొస్తుంటే ఆటోలో పాప అడిగింది, "అమ్మా, ఆ జబ్బంటే ఏ జబ్బు?" అప్పటిదాకా దానికి తన రక్తంలో పనికిమాలిన గింజలు మొలిచాయని, వాటిని ఏరేస్తున్నారని చెప్పాం. మినప్పప్పులో రాళ్లు ఏరినట్టు అనుకుంది. ఆ గేటు దగ్గర తన జబ్బుకి పేరు చెప్పకూడదని నేర్చుకుంది.

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. మా ఊళ్లో వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావా అని నన్నడిగారు. ఎవరి తరపు నుంచి వచ్చిందని మా ఆయన్నడిగారు. తల్లి తిన్నదాని వల్లో, చూసినదాని వల్లో ఇది రాదు. చాలామంది పిల్లల్లో ఎందుకొచ్చిందో డాక్టర్లే చెప్పలేరు, వంశం నుంచి వచ్చేది నూటికి పదిమందికి మించదంటారు. తెలీనప్పుడు మనిషి భయపడతాడు. కాబట్టి మీ భయాల్ని తీసిపారెయ్యకుండా, నాకు తెలిసినంతలో సమాధానం చెబుతాను.

అంటుకుంటుందా? అంటుకోదు. పాప తిన్న కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, కావలించుకున్నా రాదు. అసలు సంగతి తిరగబడి ఉంటుంది. మాస్కు మీకు మా జబ్బు రాకుండా కాదు, మీ జలుబు మాకు రాకుండా పెట్టుకున్నది. మీ ఇంట్లో పిల్లలకి ఆటలమ్మ పోసినా, తట్టు వచ్చినా మా పాపకి గండం. అందుకని మిమ్మల్ని వేడుకునేది ఒకటే, అలాంటిది వస్తే దాచకుండా ముందే మాకో కేక వెయ్యండి. మేమే డాక్టరు దగ్గరికి పరిగెడతాం. మేడ మీద గోడలు పగలగొట్టే పని పెట్టుకున్నా ముందు చెప్పండి. ఆ దుమ్ములో ఉండే బూజు కౌంట్ లేని పిల్లల ఊపిరితిత్తుల్లో దిగుతుంది.

మందుల సంగతేమిటని ఒకాయన అడిగాడు. నన్నడిగితే పద్నాలుగు గేట్లలో తెలివైన ప్రశ్న అదొక్కటే. మందు ఎక్కించిన తర్వాత రెండు రోజులు మూత్రంలో, వాంతిలో ఆ మందు కాస్త పోతుంది. నిజమే. నర్సమ్మలు అన్నీ నేర్పే పంపిస్తారు. గ్లౌజులు తొడుక్కుని కడుగుతాం, ఆ బట్టలు విడిగా ఉతుకుతాం, ఫ్లష్ చేసేటప్పుడు మూత వేస్తాం. బాత్‌రూమ్ విడిగా కావాలనడానికి ఇది కూడా ఒక కారణం. పక్క వాటాలో ఉన్నవాళ్లకి దీంతో ఏ ఇబ్బందీ ఉండదు.

చెప్పడం మర్చిపోయాను. ఎనిమిదో గేటు పక్కన తులసికోట, దాని పక్కన సిమెంటు కుండీలో గుబురుగా బిళ్లగన్నేరు. మా పాపకి ప్రతివారం నరంలోకి ఎక్కించిన విన్‌క్రిస్టిన్ అనే మందు ఆ మొక్క నుంచి వచ్చిందే. ఆకులు నూరి తాగమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి, ఆ మొక్క విషం. దాన్ని చుక్కల లెక్కన మందు చేయడానికి పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు కావాలి. అలాగే ఇప్పుడు పాప వారానికోసారి మింగే మెథోట్రెక్సేట్ మాత్ర. దాన్ని అమెరికాలో తయారుచేసిన బృందాన్ని నడిపించినవాడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. దానికి ముందు ఆయన బృందమే చేసిన అమినోప్టెరిన్ మందుతో, బతకరనుకున్న లుకేమియా పిల్లలు కొన్నాళ్లకైనా కోలుకున్నారని 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లోకానికి చెప్పాడు. ఆ ఏడాదే సుబ్బారావుగారు పోయారు. ప్రతి శనివారం రాత్రి ఆ మాత్ర మింగిస్తూ 'భీమవరం తాతగారి మాత్ర' అంటాను. పాప నోరు తెరుస్తుంది. వెన్నులో ఇంజెక్షన్‌కి మాత్రం ఏ తాతగారి పేరు చెప్పినా పని జరగదు, అది వేరే కథ.

పద్నాలుగో గేటు మామ్మగారిది. వాళ్లాయన స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ప్లాంటు కోసం ఊరొదిలిన కుటుంబం. కింద మూడు వాటాలు, పైన వాళ్లు. నేను మూడో ప్రశ్న కోసం కాచుకుని నిలబడ్డాను. ఆవిడ అడిగిందల్లా, "గేస్ పొయ్యా, కిరసనాయిలు స్టవ్వా?" అద్దె మూడు వేల ఐదు వందలు, అడ్వాన్సు ఒక నెలది. జబ్బు పేరు నేనే చెప్పాను. "తెలుసులే, టోపీ చూసేను. మా ఊరు ఇప్పుడు ప్లాంటు లోపలుందే. మా మావగారు పిల్లల్నేసుకుని ఈ పక్కకొచ్చినప్పుడు తలదాచుకోడానికి చోటియ్యమంటే ఎవలూ ఇయ్యలేదు. గిన్నెలు తెచ్చుకో" అంది. ఈ ప్రాంతంలో ఇళ్లున్న మీలో చాలామందివి నిర్వాసితుల కుటుంబాలే. ఊరొదిలి వేరే చోట గది అడుక్కోవడం అంటే ఏమిటో మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా ఉంటే వాళ్లనడగండి.

ఆ గదిలో పదకొండు నెలలున్నాం.

మొదట్లో స్టెరాయిడ్లు ఇస్తారు. ముఖం చందమామలా ఉబ్బుతుంది, ఊరికే ఏడుపు, ఊరికే కోపం, ఇక ఆకలి చెప్పక్కర్లేదు. రాత్రి ఒంటిగంటకి లేచి పప్పన్నం, రెండింటికి మళ్లీ నెత్తళ్ల వేపుడు అడిగేది. ఉప్పు తగ్గించమన్నారు, నెత్తళ్లేమో ఉప్పు చేపలు. నీళ్లలో నానబెట్టి, పిండి, మళ్లీ నానబెట్టి వేయించేదాన్ని. ఆ వాసన మూడు వాటాలకీ కొట్టేది. మొదటి రాత్రి కుక్కర్ పెట్టి, విజిల్ వస్తుందేమోనని గరిటె కాడతో దాన్ని ఎత్తిపట్టుకుని నిలబడ్డాను. ఈ ఒక్క ఈలకి పొద్దున్నే ఖాళీ చెయ్యమంటారని భయం. అయినా వచ్చింది, వీధి చివరిదాకా వినబడేలా. మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు తీస్తే మామ్మగారు, చేతిలో పెరుగు గిన్నె. "పిల్లకి చలవ చేస్తాదని తెచ్చేను" అంది. నేను సారీ చెప్పబోతే, "నలభై ఏళ్లై మీ మావయ్య గురక వింటన్నాను, నీ కుక్కరొక లెక్కా" అంది. బయటి పెరుగు పాపకి పెట్టకూడదు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక నేనే తినేశాను. తర్వాత ఎప్పుడో చెబితే తిట్టింది, "ఆ రాత్రే చెప్తే అరటిపండు తెద్దును కదే" అని.

పక్క వాటాలో ఏడేళ్ల కుర్రాడుండేవాడు. పాపకి కౌంట్ తక్కువున్న రోజుల్లో గుమ్మం దాటకూడదు కాబట్టి, కిటికీ గ్రిల్లుకి అటు వాడు, ఇటు ఇది, గట్టు మీద సుద్దముక్కతో గీసుకుని చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడేవారు. వాడు దొంగాట ఆడేవాడు. జబ్బుదని దీనికి గెలుపు వదిలెయ్యలేదు చూడండి, దానికి నేను వాడికి ఋణపడి ఉన్నాను.

నాకు పెద్దవాడొకడున్నాడు, తొమ్మిదేళ్లు. పాప జబ్బు పడిన రోజు నుంచి మా అత్తగారి దగ్గరే. ఇంట్లో ఒక పిల్లకి జబ్బు చేస్తే రెండో పిల్లవాడు కనబడకుండా పోతాడు. బడికి వెళ్తున్నాడు, తింటున్నాడు, ఫోన్‌లో 'బాగున్నానమ్మా' అంటున్నాడు, అంతే మనకి తెలిసేది. వార్డులోకి చిన్నపిల్లల్ని రానివ్వరు. సంక్రాంతి సెలవులకి మా ఆయన వాణ్ని ఈ గదికే తీసుకొచ్చాడు. రెండు రోజులు చెల్లెలి మంచం దగ్గరికే వెళ్లలేదు. మూడో రాత్రి, అది నిద్రపోయాక, గోడ వైపు తిరిగి పడుకుని నన్నడిగాడు: "అమ్మా, నేను సైకిల్ మీంచి తోసేశాను కదా, అప్పుడే కదా మచ్చలొచ్చాయి?"

ఏడు నెలలు ఆ మాట వాడి కడుపులోనే ఉంది. ఇల్లంతా పాప మీద ఏడుస్తుంటే తనే చేశానని ఎవరికి చెప్పుకుంటాడు? ఆ రాత్రి లైటు వేసి, డైరీ తెరిచి, ఏ తారీఖున మొదటి జ్వరం వచ్చిందో, సైకిల్ మీంచి పడింది ఎప్పుడో వాడికి చూపించాను. లెక్క రాసుకునే అలవాటు జన్మలో ఒక్కసారి అలా పనికొచ్చింది. పొద్దున లేచేసరికి ఇద్దరూ ఒకే దుప్పట్లో ఉన్నారు. లాడ్జి గదిలోనో, వార్డు బయట వరండాలోనో పిల్లవాడు అలాంటి మాట అడగలేడు. గోడ వైపు తిరిగి పడుకోవడానికి ముందు వాడికొక గోడ ఉండాలి కదండీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో, ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలకి, పంతొమ్మిదేళ్ల లోపు వారికి క్యాన్సర్ వస్తోంది. డబ్బున్న దేశాల్లో నూటికి 80 మందికి పైగా నయమవుతోంది. మాలాంటి వాళ్లెక్కువున్న చాలా దేశాల్లో 30 మందికి కూడా నయం కావడం లేదు. 2030 నాటికి దీన్ని కనీసం 60కి తేవాలని ఆ సంస్థ 2018లో పూనుకుంది. వెనకబాటుకి వాళ్లు చెప్పిన కారణాల్లో జబ్బు ఆలస్యంగా తెలియడం ఉంది, మందులు అందకపోవడం ఉంది, చికిత్స మధ్యలో మానెయ్యడం కూడా ఉంది. ఆ 'మానెయ్యడం' అన్న మాట కాగితం మీద చదివితే తల్లిదండ్రుల నిర్లక్ష్యంలా కనబడుతుంది. రాయగడ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి నాకు తెలుసు. లాడ్జిలో రోజుకి ఆరు వందలు కట్టింది. నెల తిరిగేసరికి పుస్తెలు తాకట్టు పెట్టింది. ఇద్దరికీ వచ్చిన ఆ కాస్త తెలుగు, ఆ కాస్త ఒడియాలోనే మాట్లాడుకునేవాళ్లం. గది కోసం మా వీధిలోనే తిరిగింది. భాష రాదు, మగమనిషి తోడు లేడు, బోడిగుండు పిల్లాడు. 'ఊరెళ్లి డబ్బు చూసుకుని వస్తానక్కా' అని వెళ్లింది. ఫోను కొన్నాళ్లు మోగింది. ఆమెది నిర్లక్ష్యమని రాసినవాళ్లతో నేను వాదిస్తాను.

ఇప్పుడు, మీరు అడగకుండా ఉండిపోయిన ప్రశ్న. ఇంట్లో ఏదైనా జరిగితే?

మీలో ఒక్కరే ఈ మాట పైకి అన్నారు, అదీ ఎంతో మొహమాటపడుతూ. మనిషి పోయిన వేళ నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు మూడు నెలలో, ఆరు నెలలో మూసిపెట్టాలన్న పట్టింపు మా ఊళ్లోనూ ఉంది. అద్దె మీద బతికే కుటుంబానికి అది చిన్న నష్టం కాదు, ఆ తర్వాత ఆ వాటాకి మనుషులు రావడం కూడా కష్టమే. మీ భయం నాకు తెలుసు. పిల్లలందరూ దక్కుతారని నేను మీకు మాటివ్వలేను. కొందరు దక్కరు. కానీ ఒంట్లో బాగోలేదనగానే మేం గదిలో కూర్చోం, ఆసుపత్రికి పరిగెడతాం. గది దగ్గర్లో తీసుకునేదే అందుకు. నాకు తెలిసిన పిల్లల్లో పోయినవాళ్లందరూ ఆసుపత్రిలోనే పోయారు.

మూడో వాటాలో ఉండే పిల్లాడు అలాగే పోయాడు, మాఘమాసంలో. అష్టాచెమ్మా ఆడిన కుర్రాడు కాదు, వాడు బాగున్నాడు. ఇతను పద్నాలుగేళ్లవాడు, ఎముక క్యాన్సర్. పన్నెండు రోజులయ్యాక వాళ్లమ్మ గిన్నెలు తీసుకెళ్లడానికి వచ్చింది. అలా తిరిగొచ్చిన వాళ్లకి సామాను గేటు బయటే మూటగట్టి పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. మామ్మగారు ఏమీ మాట్లాడలేదు. తాళం తీసిచ్చి, లోపల చాప వేసి, తను బయట అరుగు మీద కూర్చుంది. ఆమె గంటన్నరసేపు లోపల ఉంది. ఎవరం పిలవలేదు. బయటికొచ్చాక మామ్మగారు ఆమెకి కాఫీ ఇచ్చి, అడ్వాన్సు డబ్బు మొత్తం చేతిలో పెట్టింది. ఆ నెల అద్దె పట్టుకోమని ఆమె అంటే, "నా కొడుకున్న గదే అది కూడా" అంది. మామ్మగారికి కొడుకులు లేరు. ఆ సంగతి మాకందరికీ తెలుసు.

ఆ వాటా ఆవిడ మూసిపెట్టింది. తన పద్ధతి ప్రకారం, పదహారు రోజులు. తర్వాత సున్నం వేయించి మళ్లీ ఇచ్చింది. పట్టింపు ఉన్నవాళ్లని మానుకోమని నేను చెప్పలేను. పంతులుగారితో మాట్లాడి, ఆవిడలా ఏదో ఒక దారి మీరూ చూసుకోవచ్చు.

ఇన్ని చెప్పాను కాబట్టి, అడగాల్సింది కూడా అడిగేస్తాను. వాటా ఖాళీ అయితే బోర్డు కట్టేముందు ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్ దగ్గరికెళ్లి ఒక మాట చెప్పండి. ఎవరికి గది కావాలో, ఎన్ని నెలలో వాళ్లకి తెలుసు. మధ్యలో బ్రోకరు ఉండడు, మీరు మనిషిని చూడకుండా ఇచ్చామన్న బెంగా ఉండదు. పదకొండు నెలల అగ్రిమెంటు, మూడు నెలల అడ్వాన్సు మావల్ల కాదు. మాకు ఎన్నాళ్లు పడుతుందో మాకే తెలీదు, నెల నెలా ఇచ్చేలా చూడండి. అపార్ట్‌మెంట్ సంఘాల వారు, 'ఫ్యామిలీలకు మాత్రమే' అని మీరు రాసుకున్న నియమంలో మేం కూడా ఫ్యామిలీయేనని గుర్తుంచుకోండి. తల్లీ, బిడ్డా, నెలలో రెండుసార్లు వచ్చే తండ్రీ. జబ్బు గురించి ఏమడగాలన్నా అడగండి, ఎంత మొహమాటంగా ఉన్నా పరవాలేదు. కాకపోతే పిల్లని పక్కకి పంపించాక అడగండి. లేదంటే నా ఫోన్ నంబరు తీసుకుని అడగండి. అద్దె తగ్గించమని నేను అడగలేదు, గమనించండి. తగ్గిస్తే వద్దనం.

పాపకి మెయింటెనెన్స్ మొదలైంది. కౌంట్ నిలబడింది, జుట్టు వచ్చింది, ఈసారి రింగులు రింగులుగా. నెలకోసారి వచ్చిపోతే చాలన్నారు. జ్వరం వస్తే ముందు ఎక్కడికెళ్లాలో, ఏ సూది వేయించుకుని బయల్దేరాలో మా దగ్గరి ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చారు. జూన్‌లో బడికి. వచ్చే ఆదివారం మా ఆయన ఆటో మాట్లాడుకుని వస్తున్నాడు, సామాను సర్దడానికి. కుక్కర్ ఇక్కడే వదిలేస్తున్నాను, తర్వాత వచ్చేవాళ్లకి.

ఆ తర్వాత వచ్చేవాళ్లెవరో కూడా తేలిపోయింది. సాలూరు వైపు నుంచి ఒక తాతగారు, ఆయన మనవరాలు. సోమవారం దిగుతారు. మామ్మగారింట్లో ఇక ఖాళీ లేదు. లాడ్జిలో ఇంకా రెండు కుటుంబాలున్నాయి, ఒకరిది నాలుగేళ్ల బాబు, ఇంకొకరిది ఏడాదిన్నర పిల్ల. ఆ పిల్లకి కంటి క్యాన్సర్, కంట్లో తెల్లగా మెరుస్తుంటే ఫొటోలో చూసి కనిపెట్టారట. ఇవాళ సాయంత్రం వాన లేకపోతే వాళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని మీ వీధుల్లోకి వస్తున్నాను. డైరీలో కొత్త పేజీ తీశాను. పాప కూడా వస్తానంటోంది, టోపీ లేకుండా. ఎనిమిదో గేటు దగ్గర కూడా ఆగుతాం. మొన్న అటుగా వెళ్తుంటే బోర్డు మళ్లీ కట్టి ఉంది.

ఇట్లు,
పాలకొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, మీ ఊళ్లో పదకొండు నెలలు అద్దెకున్న ఒక తల్లి